పరాన్నజీవుల సహసంక్రమణ, రోగనిరోధక ప్రతిస్పందన

ఒకే జీవి దేహంలో ఒకే కాలంలో రెండు లేదా అంతకు మించిన జాతుల పరాన్నజీవులు ఉండడాన్ని సహసంక్రమణ అంటారు. వాటికి చోటిచ్చిన జీవి ఆతిథేయి. కడుపులో ఏలికపాములున్న పిల్లవాడికి మలేరియా రావచ్చు. రక్తంలో బోదకాలు క్రిములున్న మనిషి ఊపిరితిత్తుల్లో క్షయ బాక్టీరియా నిద్రాణంగా ఉండవచ్చు. ఉష్ణమండల గ్రామాల్లోనూ అడవి జంతువుల్లోనూ ఇదే మామూలు స్థితి. పరాన్నజీవులు ఎన్ని ఉన్నా వాటిని ఎదుర్కొనే రోగనిరోధక వ్యవస్థ ఒక్కటే. అందువల్ల ఒకదానిపై రేగిన ప్రతిస్పందన రెండోదానిపై రేగే ప్రతిస్పందనను మారుస్తుంది. ఆ మార్పు ఒకచోట రోగిని కాపాడుతుంది, మరోచోట ముంచుతుంది. ఏది జరుగుతుందన్నది సోకిన జాతులు, అవి సోకిన వరస, అవి చేరిన అవయవం, అవి వాడుకునే ఆహారం నిర్ణయిస్తాయి.

ఈ వ్యాసంలో పరాన్నజీవి అన్న మాటను జీవావరణ శాస్త్రపు విస్తృతార్థంలో వాడాం. రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే 1979లో పరాన్నజీవులను రెండు తరగతులుగా చూశారు. ఆతిథేయి లోపలే వేగంగా సంఖ్య పెంచుకునే వైరస్‌లు, బాక్టీరియా, ఏకకణ జీవులు సూక్ష్మ పరాన్నజీవులు. లోపల పెరిగినా సాధారణంగా అక్కడే సంఖ్య పెంచుకోకుండా, గుడ్లనో పిల్లక్రిములనో బయటికి పంపే పురుగుల వంటివి స్థూల పరాన్నజీవులు. సహసంక్రమణ పరిశోధనలో ఎక్కువ భాగం ఈ రెండు తరగతులూ కలిసినప్పుడు ఏమవుతుందన్న దాని మీదే సాగింది.

విస్తృతి

మట్టి ద్వారా సంక్రమించే ఏలికపాములు, కొరడాపురుగులు, కొంకిపురుగులు ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అదే సంస్థ 2023 నివేదిక 2022 సంవత్సరానికి 24.9 కోట్ల మలేరియా కేసులు, 6.08 లక్షల మరణాలు లెక్కగట్టింది. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి క్షయ బాక్టీరియా సోకింది. సహారాకు దిగువనున్న ఆఫ్రికా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా ఈ మూడు లెక్కల్లోనూ ముందుంటాయి. మరుగుదొడ్ల కొరత, చెప్పుల్లేని నడక, నిలవనీరు, ఇరుకిళ్లు, పోషకాహార లోపం ఒకేచోట కూడితే రోగాలూ ఒకే ఇంట్లో కూడతాయి.

పురుగులు జనంలో అందరిలోనూ సమానంగా ఉండవు. ఊళ్లోని పురుగుల్లో అధిక భాగం కొద్దిమంది కడుపుల్లోనే ఉంటుంది. అందువల్ల సహసంక్రమణ ప్రభావం కూడా అందరిలో ఒకేలా కనిపించదు. పురుగు ఉందా లేదా అన్నదానితోపాటు ఎన్ని ఉన్నాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

అధ్యయన చరిత్ర

ఒక సంక్రమణ మరో సంక్రమణ గతిని మారుస్తుందన్న సంగతిని వైద్యులు రోగనిరోధక శాస్త్రం ఎదగకముందే వాడుకున్నారు. వియన్నాలో యూలియస్ వాగ్నర్-యౌరెగ్ 1917లో మెదడుకు పాకిన సిఫిలిస్ రోగులకు కావాలనే మలేరియా ఎక్కించాడు. మలేరియా జ్వరం సిఫిలిస్‌ను అణచాక క్వినైన్‌తో మలేరియాను అదుపు చేసేవారు. ఈ చికిత్సకు ఆయనకు 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. పెనిసిలిన్ రావడంతో ఆ పద్ధతి మూలపడింది.

1960ల చివర్లో స్మిదర్స్, టెర్రీ షిస్టోసోమా రక్తపు పురుగులపై చేసిన ప్రయోగాలు ఇంకో కోణాన్ని చూపించాయి. రక్తనాళాల్లో స్థిరపడిన పెద్ద పురుగులు తాము రోగనిరోధక దాడికి చిక్కకుండా ఉంటూనే, కొత్తగా వచ్చే అదే జాతి పిల్లక్రిములను మాత్రం ఆతిథేయి చంపేలా చేస్తాయి. ముందు చేరినది తర్వాత వచ్చేదానికి అడ్డుపడగలదని దీనివల్ల తేలింది.

నేటి అవగాహనకు పునాది 1986లో పడింది. టిమ్ మోస్మన్, రాబర్ట్ కాఫ్మన్ ఎలుకల సహాయక టి-కణాల్లో టీహెచ్1, టీహెచ్2 అనే రెండు రకాలున్నాయని, అవి వెలువరించే సైటోకైన్లు (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లు) వేర్వేరని చూపించారు. 1995లో షిమోన్ సకగుచి ప్రతిస్పందనలను అదుపులో ఉంచే నియంత్రక టి-కణాలను గుర్తించాడు. ఆ దారిలో సాగిన పరిశోధనకు 2025 నోబెల్ వైద్య బహుమతిని సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పంచుకున్నారు.

రోగనిరోధక నేపథ్యం

కణాల లోపల దాక్కునే వైరస్‌లు, క్షయ బాక్టీరియా, లీష్మానియా వంటి వాటిపై టీహెచ్1 ప్రతిస్పందన పనిచేస్తుంది. దీని ముఖ్య సైటోకైన్ ఇంటర్‌ఫెరాన్ గామా. అది మాక్రోఫేజ్ కణాలను రెచ్చగొట్టి, లోపలికి మింగిన సూక్ష్మజీవులను చంపిస్తుంది. పురుగులపై పనిచేసేది టీహెచ్2 ప్రతిస్పందన. ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 దీని సైటోకైన్లు. ఇసినోఫిల్ కణాలు పెరగడం, ఐజీఈ ప్రతిరక్షకాలు తయారవడం, పేగు గోడ ఎక్కువ జిగురు స్రవించడం, పేగు కదలికలు పెరగడం దీని ఫలితాలు. పురుగు వచ్చిందన్న తొలి కబురు పేగు లోపలి పొరలోని టఫ్ట్ కణాల నుంచి ఇంటర్‌ల్యూకిన్-25 రూపంలో వెళ్తుంది.

ఈ రెండు ప్రతిస్పందనలూ ఒకదాన్నొకటి అణచుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-4 ఉన్న చోట కొత్త టి-కణాలు టీహెచ్1గా మారడం తగ్గుతుంది. ఇంటర్‌ఫెరాన్ గామా ఉన్న చోట టీహెచ్2గా మారడం తగ్గుతుంది. మాక్రోఫేజ్‌లోనూ ఇదే పోటీ. టీహెచ్1 ప్రభావంలో ఎలుక మాక్రోఫేజ్ ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి సూక్ష్మజీవులను చంపే నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తుంది. టీహెచ్2 ప్రభావంలో అదే ఆర్జినైన్‌ను కణజాలం బాగుచేసుకునే పదార్థాల వైపు మళ్లిస్తుంది. ఒకే ముడిసరుకు, రెండు వేర్వేరు పనులు. పురుగులున్న దేహంలో మాక్రోఫేజ్‌లు మరమ్మతు వైపు మొగ్గితే, వాటిలో దూరిన బాక్టీరియాకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

ఈ మొగ్గు ఎంత పెద్ద తేడా తెస్తుందో చూపే ప్రామాణిక ఉదాహరణ లీష్మానియా మేజర్. టీహెచ్1 వైపు మొగ్గే సి57బ్లాక్/6 జాతి ఎలుకలు దీన్ని తట్టుకుంటాయి. టీహెచ్2 వైపు మొగ్గే బాల్బ్/సి ఎలుకల్లో పుండు ముదిరి వ్యాధి దేహమంతా పాకుతుంది.

మూడో అంశం నియంత్రణ. పురుగులు ఆతిథేయిలో ఏళ్ల తరబడి బతకాలంటే దాడి తీవ్రత తగ్గాలి. నియంత్రక టి-కణాలు, అవి వెలువరించే ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటా ఆ పని చేస్తాయి. కొన్ని పురుగులు ఇందుకు సొంత అణువులనే తయారుచేసుకున్నాయి. ఎలుకల పేగుల్లో ఉండే హెలిగ్మోసోమాయిడిస్ పాలీగైరస్ అనే పురుగు టీజీఎఫ్-బీటాను అనుకరించే ప్రోటీన్‌ను స్రవిస్తుందని రిక్ మైజెల్స్ బృందం 2017లో చూపించింది. దాని నిర్మాణం ఆతిథేయి టీజీఎఫ్-బీటాను పోలి ఉండదు. అయినా అదే గ్రాహకానికి అతుక్కుని నియంత్రక టి-కణాలను పుట్టిస్తుంది. ఈ అణచివేత పురుగు కోసమే మొదలైనా పురుగు దగ్గరే ఆగదు. పక్కనున్న సూక్ష్మజీవికీ, వేసిన టీకాకూ, ఎలర్జీ కలిగించే పదార్థానికీ అదే వర్తిస్తుంది.

పరస్పర ప్రభావాల రకాలు

పరాన్నజీవుల మధ్య ప్రభావాలన్నీ రోగనిరోధక వ్యవస్థ ద్వారానే నడవవు. ఆండ్రియా గ్రాహం 2008లో ఎలుకలపై అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి విశ్లేషించింది. పురుగు రక్తహీనత కలిగిస్తే, ఎర్ర రక్తకణాల మీద బతికే సూక్ష్మజీవుల సంఖ్య తగ్గింది. పురుగు ఇంటర్‌ఫెరాన్ గామాను అణిస్తే సూక్ష్మజీవుల సంఖ్య పెరిగింది. అంటే ఏ జంటను చూసినా రెండు ప్రశ్నలు వేయాలి: రెండూ ఒకే ఆహారానికి పోటీపడుతున్నాయా? ఒకదాని వల్ల రెండోదానిపై దాడి తగ్గుతోందా?

ఆహారపు పోటీలో ఆతిథేయి కూడా భాగస్వామి. రక్తంలో మలేరియా పరాన్నజీవులు ఒక హద్దు దాటితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. దానివల్ల ఇనుము కాలేయ కణాలకు అందకుండా మరో చోటికి మళ్లుతుంది. ఆ స్థితిలో దోమ కాటుతో కొత్తగా వచ్చిన మలేరియా క్రిములు కాలేయంలో ఎదగలేవు. ఎలుకల్లో జరిగిన ఈ పరిశోధన 2011లో వెలువడింది.

మూడో మార్గం కణజాల నష్టం. షిస్టోసోమా గుడ్లు స్త్రీల జననాంగాల్లో పుండ్లు కలిగించి ఇతర సంక్రమణలకు దారి తెరుస్తాయి. స్ట్రాంజిలాయిడిస్ పురుగు పిల్లక్రిములు పేగు గోడను చీల్చుకుని వెళ్తూ పేగు బాక్టీరియాను రక్తంలోకి, మెదడు పొరల్లోకి మోసుకెళ్లగలవు. నాలుగోది రోగనిరోధక జ్ఞాపకం చెరిగిపోవడం. ఆఫ్రికా నిద్ర జబ్బు కలిగించే ట్రిపనోసోమా బ్రూసై ఎలుకల్లో బి-కణాలను నాశనం చేసి, అంతకుముందు టీకాతో వచ్చిన రక్షణను సైతం చెరిపేసింది.

ముఖ్యమైన సహసంక్రమణలు

పేగు పురుగులు, మలేరియా: ఈ జంటపై ఫలితాలు పైకి ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. థాయిలాండ్‌లో జరిగిన పరిశీలనల్లో పురుగులున్నవారికి ఫాల్సిపారం మలేరియా ఎక్కువసార్లు వచ్చింది. కానీ ఏలికపాములున్న రోగుల్లో మెదడుకు సోకే ప్రాణాంతక మలేరియా తక్కువగా కనిపించింది. మలేరియాలో రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయని గుర్తిస్తే ఈ చిక్కు విడుతుంది. పరాన్నజీవుల సంఖ్య పెరగడం ఒకటి, వాటిపై రేగిన మంట మితిమీరి అవయవాలను దెబ్బతీయడం మరొకటి. పురుగులు తెచ్చే నియంత్రణ మొదటి ప్రమాదాన్ని పెంచి, రెండోదాన్ని తగ్గించగలదు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ ద్వీపంలో మూడు నెలలకోసారి పురుగుల మందు ఆల్బెండజోల్ ఇచ్చిన పరీక్షలో మలేరియా ప్రతిజనకాలకు సైటోకైన్ స్పందన పెరిగింది. మొదటి ఆరు నెలల్లో మాత్రం మలేరియా పరాన్నజీవులు కనిపించడం తాత్కాలికంగా పెరిగింది.

పురుగులు, క్షయ: చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధనా సంస్థ, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలతో కలిసి దక్షిణ భారత రోగులపై ఈ జంటను విస్తృతంగా పరిశీలించింది. నిద్రాణ క్షయతో పాటు బోదకాలు క్రిములు కూడా ఉన్నవారి రక్తకణాలకు క్షయ ప్రతిజనకాలను చూపినప్పుడు టీహెచ్1 స్పందనలు, టీహెచ్17 అనే మరో రకం సహాయక టి-కణాల స్పందనలు బలహీనంగా వచ్చాయి. టి-కణాలకు కళ్లెం వేసే సీటీఎల్ఏ-4, పీడీ-1 అనే గ్రాహకాల పాత్ర ఇందులో బయటపడింది. స్ట్రాంజిలాయిడిస్ ఉన్నవారిలోనూ ఇలాంటి తగ్గుదలే కనిపించింది. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నందున ఈ ఫలితాలకు ప్రాముఖ్యం ఉంది.

మలేరియా, సాల్మొనెల్లా: మలేరియాలో పగిలిన ఎర్ర రక్తకణాల నుంచి హీమ్ అనే పదార్థం బయటపడుతుంది. అది విషం కనుక దాన్ని విరిచే హీమ్ ఆక్సిజనేజ్-1 ఎంజైమ్ పెరుగుతుంది. ఆతిథేయిని కాపాడే ఈ ఏర్పాటే ఎముక మజ్జలో తయారవుతున్న న్యూట్రోఫిల్ కణాల బాక్టీరియా సంహార శక్తిని దెబ్బతీస్తుందని 2012లో ఎలుకల్లో తేలింది. కెన్యాలోని కిలిఫీలో మలేరియా తగ్గిన కాలంలో పిల్లల రక్తంలో బాక్టీరియా సంక్రమణలు కూడా తగ్గాయి. మలేరియాను అడ్డుకునే సికిల్ సెల్ లక్షణం ఉన్న పిల్లలకు బాక్టీరియా నుంచీ రక్షణ కనిపించింది.

స్ట్రాంజిలాయిడిస్, హెచ్‌టీఎల్‌వీ-1: జపాన్ దక్షిణ ప్రాంతం, కరీబియన్ దీవులు, బ్రెజిల్, పెరూలలో ఎక్కువగా ఉన్న ఈ వైరస్ ఆతిథేయిని టీహెచ్1 వైపు నెడుతుంది. ఐజీఈ, ఇంటర్‌ల్యూకిన్-5 తగ్గుతాయి. అన్నాళ్లూ అదుపులో ఉన్న స్ట్రాంజిలాయిడిస్ దేహమంతా పాకి ప్రాణం తీయగలదు. పురుగు సూక్ష్మజీవికి మేలు చేసిన పై ఉదాహరణలకు ఇది తిరగబడిన రూపం.

లీష్మానియా, హెచ్‌ఐవీ: కాలా అజార్ కలిగించే లీష్మానియా డోనోవనైను అణచడానికి కావలసిన సీడీ4 టి-కణాలనే హెచ్‌ఐవీ నాశనం చేస్తుంది. లీష్మానియా రేపే నిరంతర ఉద్రేకం హెచ్‌ఐవీ పెరుగుదలను పెంచుతుంది. ఇద్దరు శత్రువులూ ఒకరికొకరు సాయపడే ఈ స్థితిలో చికిత్స తర్వాత కూడా కాలా అజార్ తిరగబెట్టడం సాధారణం.

పురుగులు, నిద్రాణ వైరస్‌లు: 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధన పురుగుల సంక్రమణ వల్ల నిద్రాణంగా ఉన్న గామా హెర్పిస్ వైరస్ మేల్కొంటుందని చూపించింది. ఇంటర్‌ల్యూకిన్-4 సంకేతం నేరుగా వైరస్ జన్యువును మేల్కొల్పింది, ఇంటర్‌ఫెరాన్ గామా దాన్ని అణచింది. ఆతిథేయి లోపలి సంకేతాలను వైరస్ తన సమయం చూసుకోవడానికి వాడుకుంటోందన్నమాట. మలేరియా బలంగా ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లో ఎప్‌స్టైన్-బార్ వైరస్‌తో ముడిపడిన బర్కిట్ లింఫోమా పిల్లల్లో ఎక్కువగా రావడం కూడా సహసంక్రమణ ఫలితమే.

టీకాలపై ప్రభావం

టీకా అంటే అదుపులో ఉంచి కలిగించే రోగనిరోధక ప్రతిస్పందన. కాబట్టి దేహంలో అప్పటికే ఉన్న పురుగులు దాన్నీ మారుస్తాయి. ఈక్వెడార్‌లో ఏలికపాములున్న పిల్లలకు ముందుగా ఆల్బెండజోల్ ఇచ్చి నోటి ద్వారా కలరా టీకా వేస్తే ప్రతిరక్షకాల స్పందన మెరుగుపడింది. ఇథియోపియాలో క్షయ టీకా బీసీజీకి ముందు పురుగుల మందు వేసుకున్నవారిలో ఇంటర్‌ఫెరాన్ గామా స్పందన పెరిగింది.

అయితే అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. ఉగాండాలోని ఎంటెబ్బేలో సుమారు 2,500 మంది గర్భిణులపై జరిగిన పెద్ద పరీక్షలో తల్లికి పురుగుల మందు ఇచ్చినందువల్ల బిడ్డకు బీసీజీ, ధనుర్వాతం, తట్టు టీకాల స్పందనలో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. పైగా ఆల్బెండజోల్ తీసుకున్న తల్లుల పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువైంది. పురుగులు ఎలర్జీలను అణిచి ఉంచుతాయన్న వాదానికి ఇది బలమిచ్చింది. గాబన్‌లో షిస్టోసోమా ఉన్న బడిపిల్లల్లో దుమ్ము పురుగుల ఎలర్జీ తక్కువగా ఉండడం, దానితోపాటు ఇంటర్‌ల్యూకిన్-10 ఎక్కువగా ఉండడం అంతకుముందే గమనించారు.

వ్యక్తి, మంద

ఆతిథేయికి మేలు చేసే మార్పు మందకు కీడు చేయవచ్చు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనంలో వనెస్సా ఎజెన్వా, ఆనా జోలెస్ అడవి గేదెలకు నాలుగేళ్లపాటు పురుగుల మందు ఇచ్చి, ఇవ్వనివాటితో పోల్చారు. మందు వల్ల గేదెలకు పశుక్షయ సోకే రేటు తగ్గలేదు. సోకిన తర్వాత మాత్రం మందు వేసిన గేదెలు చాలాకాలం బతికాయి. బతికినన్నాళ్లూ అవి క్షయను పంచగలవు. దాంతో ఒక గేదె నుంచి ఎన్ని గేదెలకు రోగం వ్యాపించగలదన్న లెక్క సుమారు ఎనిమిది రెట్లు పెరిగింది. 2015లో వచ్చిన ఈ ఫలితం చికిత్స విజయాన్ని కొలిచేటప్పుడు రోగి ఆయుష్షును, వ్యాప్తిని విడివిడిగా చూడాలని నేర్పింది.

ఇంగ్లండ్‌లోని కీల్డర్ అడవిలో గడ్డిఎలుకల రక్తంలో గోమసూచి వైరస్, బబేసియా, బార్టొనెల్లా, అనాప్లాస్మా అనే సూక్ష్మజీవుల ఉనికిని ఏళ్ల తరబడి గమనించారు. ఒక ఎలుకకు కొత్త సంక్రమణ సోకే అవకాశాన్ని దాని వయసు, రుతువుల కంటే అప్పటికే అందులో ఉన్న ఇతర సంక్రమణలే ఎక్కువగా నిర్ణయించాయని 2010లో తేలింది. బ్రిటన్ అడవి ఎలుకల్లో ఐవర్‌మెక్టిన్‌తో పేగు పురుగులను తగ్గించినప్పుడు, అదే పేగులో ఉండే ఐమీరియా అనే ఏకకణ జీవి పెరిగింది. మందు ప్రభావం తగ్గగానే రెండూ మునుపటి స్థాయికి వచ్చాయి.

పరిశోధనా పద్ధతులు

జనంలో పురుగులున్నవారినీ లేనివారినీ పోల్చి చూస్తే పేదరికం, తిండి, వయసు వంటివి లెక్కను తప్పుదారి పట్టిస్తాయి. అందువల్ల లాటరీ పద్ధతిలో కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చే పరీక్షలే నమ్మదగినవి. వీటిలోనూ ఒక పరిమితి ఉంది. పురుగు పోయినా ఏళ్ల తరబడి అది మలచిన ప్రతిస్పందన వెంటనే మారకపోవచ్చు.

ప్రయోగశాల ఎలుకల పరిమితి వేరు. అవి శుభ్రమైన బోనుల్లో ఏ సంక్రమణా ఎరుగకుండా పెరుగుతాయి. 2016లో కొందరు పరిశోధకులు అలాంటి ఎలుకలకు హెర్పిస్ వైరస్‌లు, ఫ్లూ, పేగు పురుగులను వరసగా ఎక్కించారు. వాటి రోగనిరోధక జన్యువుల తీరు మనుషుల తీరుకు దగ్గరైంది, ఎల్లో ఫీవర్ టీకాకు అవి ఇచ్చిన స్పందన కూడా మారింది. శుభ్రమైన ఎలుకల్లో పనిచేసిన టీకా ఊళ్లలో ఎందుకు తేలిపోతుందన్న ప్రశ్నకు ఇందులో కొంత జవాబు ఉంది.

ప్రజారోగ్యంలో ప్రాధాన్యం

భారతదేశంలో 2015 నుంచి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరుగుతోంది. 1 నుంచి 19 ఏళ్ల వారికి అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. బోదకాలు ఉన్న జిల్లాల్లో డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను ఊరందరికీ సామూహికంగా పంచుతారు. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ను కూడా చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో బోదకాలు గోదావరి డెల్టాలో, ఉత్తరాంధ్ర తీరంలో పాతుకుపోయిన జబ్బు. మలేరియా భారం ఏజెన్సీ కొండల్లో ఎక్కువ. ఈ రెండు జబ్బులకూ, క్షయకూ వేర్వేరు కార్యక్రమాలు, వేర్వేరు లెక్కలు ఉన్నాయి. రోగి దేహంలో మాత్రం అవి వేర్వేరుగా ఉండవు.

పురుగుల మందు వల్ల రక్తహీనత తగ్గడం, పిల్లల ఎదుగుదలకు అడ్డు తొలగడం వంటి ప్రత్యక్ష లాభాలు ఉన్నాయి. కాబట్టి సహసంక్రమణ పరిశోధన ఆ మందు మానమని చెప్పదు. మలేరియా ఉన్నచోట పురుగుల మందు పంచినప్పుడు మొదటి నెలల్లో మలేరియాపై కన్నేసి ఉంచమని, టీకా పరీక్షల్లో పాల్గొన్నవారి మలపరీక్ష ఫలితాలను కూడా నమోదు చేయమని చెబుతుంది. స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు స్ట్రాంజిలాయిడిస్ కోసం వెతకడం ఈ అవగాహన నుంచి వైద్యంలో స్థిరపడిన జాగ్రత్త. రోగనిరోధక శక్తిని అణిచే మందు ఇచ్చాక బయటపడే పురుగును ఆపడం కష్టం. ముందే కనిపెడితే ఐవర్‌మెక్టిన్‌తో నయం చేయవచ్చు.